చాక్లెట్‌లో కోకో పాలెంత? ఆరోగ్యం మాట చెప్పే ముందు వర్తకులు నేర్వవలసిన లెక్క

కోకో గింజల ధర ఇటీవలి సంవత్సరాలలో నడిచిన తీరు వర్తకులకు విదితమే. 2022లో న్యూయార్కు వాయిదా మార్కెట్‌లో టన్ను 2,500 డాలర్ల ప్రాంతాన తిరుగాడిన సరుకు 2024 మార్చి నెలాఖరులో 10,000 డాలర్లు దాటింది. అదే ఏడాది డిసెంబరులో 12,000 డాలర్లకు పైన పలికింది. 2025లో పట్టు సడలి, సంవత్సరాంతానికి దాదాపు సగానికి దిగివచ్చింది. ప్రపంచ పంటలో సగానికి మించి ఐవరీ కోస్టు, ఘానా దేశాలదే. అక్కడ 2023లో కురిసిన అధిక వర్షాలు, కాయకుళ్ళు తెగులు, చెట్లకు సోకిన వైరస్, ముదిరిన తోటలు కలసి దిగుబడిని దెబ్బతీయడమే ఆ తేజీకి మూలం.

ముడిసరుకు ధర ఎక్కినప్పుడు తయారీదారుకు మూడు దారులు ఉంటాయి. ఒకటి, బార్ ధర పెంచడం. రెండు, ధర అలాగే ఉంచి బరువు తగ్గించడం. మూడు, కోకో పాలు తగ్గించి చక్కెరను, ఇతర కొవ్వులను పెంచడం. మొదటి రెండు కొనేవారి కంటికి కనబడతాయి. మూడవది కనబడదు. రంగు అదే, కాగితం అదే, పేరు కూడ దాదాపు అదే. లోపలి సరుకు మాత్రం మారుతుంది.

ఇదే కాలంలో "డార్క్ చాక్లెట్ గుండెకు మంచిది" అన్న మాట పట్టణాలలోనే కాక చిన్న ఊళ్ళలోనూ నాటుకున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి చాక్లెట్ మీద జి.ఎస్.టి. 18 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. మిఠాయి కొనే చేయి చాక్లెట్ వైపు తిరగడానికి ఇదొక వీలు. చక్కెర వ్యాధి ఉన్నవారు సైతం దుకాణానికి వచ్చి, "ఇది నేను తినవచ్చునా?" అని అడుగుతున్నారు. జవాబు చెప్పేది వైద్యుడు కాదు, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న వర్తకుడు. కనుక ఆ జవాబు సరిగా ఉండడం అవసరం.

మన రాష్ట్రానికి ఈ సరుకుతో సంబంధం లేకపోలేదు. దేశంలో కోకో పంటలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. ఏలూరు, పశ్చిమ, తూర్పు గోదావరి జిల్లాలలో కొబ్బరి, ఆయిల్ పామ్ తోటల నీడన ఇది అంతరపంటగా పెరుగుతున్నది. 2025లో గిట్టుబాటు ధర కోసం ఇక్కడి రైతులు ఆందోళన చేసిన సంగతి పాఠకులకు తెలిసినదే. గింజ విలువ తెలియాలంటే అది బార్‌లో చేసే పని తెలియాలి.

గింజ నుండి బార్ వరకు

కోకో కాయ పగులగొట్టి, తెల్లని గుజ్జుతో ఉన్న గింజలను 5 నుండి 7 రోజులు పులియబెడతారు. తరువాత ఎండబెట్టి తేమను 7 శాతం వరకు దింపుతారు. వేయించి, పొట్టు తీసి, రుబ్బితే చిక్కని ముద్ద వస్తుంది. దీనిని కోకో ముద్ద అంటారు. ఈ ముద్దలో సుమారు 54 పాళ్ళు కొవ్వు. అదే కోకో వెన్న. మిగిలిన 46 పాళ్ళు కొవ్వు లేని గట్టి పదార్థం. ముద్దను నొక్కి వెన్న తీసే యంత్రపద్ధతిని హాలండులో వాన్ హౌటెన్ కుటుంబం 1828లో పేటెంటు చేసింది. వెన్న పోగా మిగిలిన చెక్కను దంచితే వచ్చేదే కోకో పొడి.

ఈ రెండు భాగాల తేడాను వర్తకులు బాగా గుర్తుంచుకోవాలి. వెన్న నోటిలో కరిగే గుణాన్ని ఇస్తుంది. రంగు, చేదు, వగరు, పీచు, ఖనిజాలు అన్నీ గట్టి పదార్థంలోనే ఉంటాయి. ఆరోగ్యం పేర చెప్పుకునే గుణం కూడ ఇందులోదే. తెల్ల చాక్లెట్‌లో కోకో వెన్న ఉన్నా గట్టి పదార్థం లేదు. కనుక దానికి ఆ గుణం వర్తించదు.

వగరులో ఉన్న గుణం

కోకోలోని వగరుకు ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు కారణం. టీ ఆకులోని వగరు కూడ ఈ జాతిదే. ఇవి రక్తనాళాల గోడలను సడలించడానికి తోడ్పడతాయని పరిశోధకులు గుర్తించారు. 2017లో కోక్రేన్ సంస్థ 35 పరీక్షల ఫలితాలను కలిపి చూడగా, రక్తపోటు సగటున 2 పాయింట్లకు కాస్త లోపుగా తగ్గినట్లు తేలింది. ఇది నిజమైన మేలే, కాని స్వల్పమైన మేలు. రక్తపోటు మందు మానివేయడానికి ఇది ఆధారం కాజాలదు.

ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2012లో, రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ రక్తనాళాల సాగుడు గుణాన్ని నిలపడానికి తోడ్పడతాయన్న వాదాన్ని అంగీకరించింది. ఫ్లేవనాల్స్ ప్రత్యేకంగా నిలిపి తయారుచేసిన పొడి అయితే 2.5 గ్రాములు, అటువంటి డార్క్ చాక్లెట్ అయితే 10 గ్రాములు ఇందుకు చాలునని తెలిపింది. మామూలు బజారు చాక్లెట్‌కు ఈ లెక్క అన్వయించదు.

అమెరికా ఆహార, ఔషధ శాఖ 2023లో మరింత ఆచితూచి మాట్లాడింది. కనీసం 4 శాతం ఫ్లేవనాల్స్ సహజంగా నిలిచి ఉన్న కోకో పొడికి మాత్రమే గుండె ఆరోగ్యం మాట వాడుకోవచ్చునన్నది. అదీ "ఆధారం మిక్కిలి పరిమితం" అన్న షరతు చేర్చి. మామూలు పొడికి గాని, చాక్లెట్‌కు గాని ఆ అనుమతి లేదు.

అన్నిటికన్న పెద్ద పరీక్ష కాస్మాస్ అన్నది. అమెరికాలో 21,000 మందికి పైగా వయసు మళ్ళిన స్త్రీపురుషులు ఇందులో పాల్గొన్నారు. సగం మందికి రోజుకు 500 మిల్లీగ్రాముల కోకో ఫ్లేవనాల్స్ మాత్రల రూపంలో ఇచ్చి, సుమారు మూడున్నర సంవత్సరాలు గమనించారు. ఫలితాలు 2022లో వెలువడ్డాయి. గుండెజబ్బు, పక్షవాతం వంటివన్నీ కలిపి చూస్తే తగ్గుదల నికరమని చెప్పడానికి చాలలేదు. గుండె, రక్తనాళాల జబ్బులతో మరణాలు మాత్రం 27 శాతం తక్కువగా ఉన్నాయి. ఇక్కడ రెండు సంగతులు మరువరాదు. ఇచ్చినది మాత్ర, చాక్లెట్ కాదు. అంతేగాక ఈ పరీక్షకు చాక్లెట్ కంపెనీ అయిన మార్స్ కొంత సహాయం అందించింది. సరుకు అమ్మేవాడే తూకం వేసినప్పుడు వర్తకుడు మరొకసారి తూచి చూసుకోవడం రివాజు. ఇక్కడా అదే రివాజు పాటించాలి.

గుణం పోయే దారులు

గింజలో ఉన్న ఫ్లేవనాల్స్ అన్నీ బార్‌కు చేరవు. పులియబెట్టడంలో కొంత పోతుంది. వేయించడంలో మరికొంత పోతుంది. అలాగని ఈ రెండూ మానడానికి వీలులేదు. అవి లేకపోతే చాక్లెట్ వాసన, రుచి పుట్టవు. రుచికి, గుణానికి మధ్య ఈ బేరం ప్రతి బార్‌లోనూ ఉంటుంది.

పెద్ద నష్టం క్షారం కలపడం వల్ల కలుగుతుంది. చేదు తగ్గి, రంగు ముదిరి, పొడి పాలలో సులువుగా కలవడానికి కోకోను క్షారంతో శుద్ధి చేస్తారు. దీనిని డచ్ పద్ధతి అంటారు. కొద్దిగా శుద్ధి చేసినా సగానికి మించి, గట్టిగా శుద్ధి చేస్తే దాదాపు 90 శాతం వరకు ఫ్లేవనాల్స్ నశిస్తాయని పరీక్షలలో తేలింది. కనుక "రంగు నలుపెక్కిన కొద్దీ ఆరోగ్యం" అన్న నమ్మకం నిలవదు. నల్లగా నిగనిగలాడే పొడి చాలసార్లు ఎక్కువ శుద్ధి పొందిన పొడే. సహజమైన పొడి లేత గోధుమవర్ణంలో, కొంచెం పులుపుగా ఉంటుంది.

కొవ్వు సంగతి

కోకో వెన్నలో మూడింట ఒక వంతు స్టియరిక్ ఆమ్లం. ఇది గడ్డకట్టే జాతి కొవ్వే అయినా రక్తంలో చెడ్డ కొలెస్ట్రాలును పెద్దగా పెంచదు. మరో మూడో వంతు ఓలియిక్ ఆమ్లం, అంటే ఆలివ్ నూనెలో అధికంగా ఉండేది. మిగిలిన దానిలో అధికభాగం పామిటిక్ ఆమ్లం. ఇది మాత్రం కొలెస్ట్రాలును పెంచుతుంది. మొత్తం మీద కోకో వెన్న నెయ్యి కన్న నయమనవచ్చు. మందు అనడానికి వీలులేదు.

వెన్న ఖరీదైనప్పుడు దాని స్థానంలోకి వచ్చేది పామ్ గింజల కొవ్వు. కోకో పొడి, చక్కెర, ఈ కొవ్వు కలిపి చేసే సరుకును బేకరీవారు "కాంపౌండ్" అంటారు. ఎండకు నిలుస్తుంది, అచ్చు పోయడం తేలిక, ధర తక్కువ. కేకుల మీద పూతకు అది తగిన సరుకే. కాని ఆ కొవ్వులోని లారిక్, మిరిస్టిక్ ఆమ్లాలు చెడ్డ కొలెస్ట్రాలును పెంచుతాయి. దానిని "గుండెకు మంచిది" అని అమ్మితే ఖద్దరు పేర మిల్లుగుడ్డ అమ్మినట్లే.

నిబంధనలు ఇతర కొవ్వులను పూర్తిగా నిషేధించలేదు. ఐరోపా సమాజం 2000 సంవత్సరపు ఆదేశంలో 5 శాతం వరకు ఆరు రకాల కొవ్వులను అనుమతించింది. వాటిలో గుగ్గిలం జాతికి చెందిన సాల్ గింజల కొవ్వు, కోకం కొవ్వు, మామిడి టెంక జీడి కొవ్వు ఉండడం మన వర్తకులకు గమనార్హం. ఇవి కోకో వెన్న గుణాలకు దగ్గరగా ఉండే కొవ్వులు. మన దేశపు నిబంధనలు కూడ 5 శాతం మేరకు ఇతర కొవ్వు ఒప్పుకుంటూ, ఆ సంగతి చీటీ మీద తెలుపవలెనని చెబుతున్నాయి.

చీటీ చదివే పద్ధతి

మొదటి మెట్టు: "డార్క్" అన్న మాటతో సరిపెట్టుకోరాదు. అంతర్జాతీయ కోడెక్స్ ప్రమాణం ప్రకారం మొత్తం కోకో 35 శాతం ఉంటే చాక్లెట్ అనవచ్చు. పాల చాక్లెట్‌కు 25 శాతం చాలు. అంటే నల్లగా ఉన్న బార్‌లో సగానికి పైగా చక్కెర ఉండడానికి అడ్డులేదు.

రెండవ మెట్టు: పదార్థాల వరుస చూడాలి. ఎక్కువ బరువు గల పదార్థం ముందు, తక్కువది తరువాత వ్రాయాలన్నది నియమం. మొదటి పేరు చక్కెర అయితే అది ప్రధానంగా చక్కెర సరుకే. మొదటి పేరు కోకో ముద్ద లేక కోకో సాలిడ్స్ అయితే ముందుకు సాగవచ్చు. వరుసలో పామ్ కొవ్వు, హైడ్రోజనేటెడ్ కొవ్వు కనిపిస్తే అది వేరే సరుకు.

మూడవ మెట్టు: శాతం లెక్క. కాగితం మీద 70 శాతం అని ఉంటే అందులో ముద్ద, విడిగా కలిపిన వెన్న రెండూ కలిసే ఉంటాయి. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక బార్‌లో ముద్ద 60 పాళ్ళు, అదనపు వెన్న 10 పాళ్ళు, చక్కెర 30 పాళ్ళు. రెండవ బార్‌లో ముద్ద 45, వెన్న 25, చక్కెర 30. రెండింటి మీదా 70 శాతమనే ఉంటుంది. ముద్దలో గట్టి పదార్థం 46 శాతం కనుక మొదటిదానిలో అది 27.6 పాళ్ళు, రెండవదానిలో 20.7 పాళ్ళు. అంటే నాలుగో వంతు తేడా.

ఈ తేడా చీటీలో పట్టుకునే ఉపాయం ఒకటున్నది. మొదటి బార్‌లో మొత్తం కొవ్వు 100 గ్రాములకు సుమారు 42 గ్రాములు. రెండవదానిలో 49 గ్రాములు. కనుక కోకో శాతం, చక్కెర సమానమైనప్పుడు కొవ్వు తక్కువగా ఉన్న బార్‌లోనే గట్టి కోకో ఎక్కువ.

నాలుగవ మెట్టు: పొడి సరుకులో కోకో పొడి వేరు, డ్రింకింగ్ చాక్లెట్ వేరు. రెండవదానిలో సాధారణంగా పెద్ద భాగం చక్కెరే. వైద్యుడు కోకో పొడి వాడమన్నాడని వచ్చినవారికి రెండవది కట్టి ఇవ్వరాదు.

ఎంత తినవచ్చు, ఎలా తినాలి

ఇక తినేవారి లెక్క. 70 శాతం పైబడిన డార్క్ చాక్లెట్ 30 గ్రాములలో సుమారు 180 క్యాలరీలు, 13 గ్రాముల కొవ్వు, 7 గ్రాముల చక్కెర, 3 గ్రాముల పీచు ఉంటాయి. ఇనుము మూడున్నర మిల్లీగ్రాములు, మెగ్నీషియం 68 మిల్లీగ్రాముల దాకా లభిస్తాయి. అదే బరువు పాల చాక్లెట్‌లో 160 క్యాలరీలు, 9 గ్రాముల కొవ్వు, 15 గ్రాముల పైన చక్కెర. అనగా డార్క్ రకంలో చక్కెర సగమే అయినా క్యాలరీలు ఎక్కువే. "డార్క్ తింటే బరువు పెరగదు" అన్న మాట అబద్ధం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చేసిన సూచన ప్రకారం, కలుపుకునే చక్కెర రోజు మొత్తం శక్తిలో 10 శాతం లోపు ఉండాలి; 5 శాతం లోపుంటే మరీ మేలు. 2,000 క్యాలరీలు తినేవారికి ఇది వరుసగా 50 గ్రాములు, 25 గ్రాములు. గద్దె మీద కూర్చుని పొద్దంతా నాలుగు టీలు తాగే వర్తకుడు ఒక్కొక్క టీకి రెండు చెంచాల చక్కెర వేసుకుంటే అక్కడికే 30 గ్రాములు దాటుతుంది. ఆ ఖాతాలో ఇక మిగులు లేదు. చాక్లెట్ కావాలంటే టీలో చక్కెర తగ్గించి జమ చూపాలి.

చాక్లెట్‌ను చేర్పుగా కాక బదులుగా తినడం మంచిది. భోజనానంతరం కాజా బదులు రెండు ముక్కల డార్క్ చాక్లెట్ తింటే లాభం ఉంటుంది. కాజా తిని, దాని మీద చాక్లెట్ తింటే అది ఆరోగ్యమూ కాదు, పొదుపూ కాదు. రోజుకు 20 నుండి 30 గ్రాములు మించకుండా, అదీ నడక, కూర, పప్పు, పండు సరిగా ఉన్నవారికి మాత్రమే, ఇది ఇంపైన అలవాటు కాగలదు.

తినే పద్ధతిలోనూ సుఖం ఉన్నది. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరుగుతుంది. నోటి వేడి అంతకన్న ఎక్కువ. ముక్కను నమలకుండా నాలుక మీద ఉంచితే తనంత తానే కరిగి, ముందు తీపి, తరువాత చేదు, చివర వగరు తెలుస్తాయి. అలా తిన్నవారికి రెండు ముక్కలతో తృప్తి కలుగుతుంది. గబగబ నమిలినవారికి సగం బార్ చాలదు. ఖర్చు తగ్గాలనుకునేవారికి చక్కెర లేని సహజ కోకో పొడి ఉత్తమం. ఒక చెంచా, అనగా 5 గ్రాములలో 11 క్యాలరీలు మాత్రమే. వేడి పాలలో కలిపి, చక్కెర కొంచెమే వేసుకుంటే చాలు.

ఎవరు జాగ్రత్తపడాలి

చక్కెర వ్యాధి ఉన్నవారికి "ఇది డార్క్, ఫరవాలేదు" అని చెప్పరాదు. చీటీ మీద 100 గ్రాములకు చక్కెర ఎంతో చూపి, వైద్యుని అడగమనడమే న్యాయం. "షుగర్ ఫ్రీ" బార్‌లలో తరచు మాల్టిటాల్ వాడతారు. అది కూడ రక్తంలో చక్కెరను కొంత పెంచుతుంది. ఎక్కువైతే విరేచనాలు అవుతాయి. కోకోలో ఆక్సలేట్లు అధికం గనుక మూత్రపిండాలలో ఆ జాతి రాళ్ళున్నవారు తగ్గించాలి. నిద్ర పట్టనివారు రాత్రిపూట మానడం మేలు. 30 గ్రాములలో పాతిక మిల్లీగ్రాముల వరకు కెఫీన్ ఉంటుంది. కుక్కలకు చాక్లెట్ విషతుల్యం.

సరుకు శుభ్రత

అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2022లో 28 డార్క్ చాక్లెట్ బార్‌లను పరీక్షించగా అన్నింటిలోనూ సీసం, కాడ్మియం ఆనవాళ్ళు కనిపించాయి. 23 బార్‌లలో రోజుకు 28 గ్రాములు తింటే కాలిఫోర్నియా రాష్ట్రపు హద్దు దాటే పాలు ఉన్నది. కాడ్మియం నేల నుండి వేరు ద్వారా గింజకు ఎక్కుతుంది. సీసం మాత్రం ఎక్కువగా కోత తరువాత, ఆరబెట్టే చోట దుమ్ము నుండి అంటుతుంది. ఐరోపా దేశాలలో 50 శాతం పైబడిన కోకో గల చాక్లెట్‌కు కిలోకు 0.80 మిల్లీగ్రాముల కాడ్మియం హద్దు 2019 నుండి అమలులో ఉన్నది.

ఇందులో మన దళారులకు, కొనుగోలుదారులకు పని ఉన్నది. రోడ్డు పక్కన, వాహనాల దుమ్ములో ఆరిన గింజకు, బల్లల మీద శుభ్రంగా ఆరిన గింజకు ఒకే ధర కట్టితే రైతు బల్లలు ఎందుకు వేస్తాడు? 300 గింజలను కోసి చూసే పరీక్ష ఈ వ్యాపారంలో పాతదే. బూజు గింజలు, పులియని బూడిదరంగు గింజలు 3 శాతం చొప్పున మించకపోతే అది మొదటి రకం. ఈ పరీక్ష చేసి, మేలు సరుకుకు మేలు ధర ఇచ్చినచోటే మంచి గింజ నిలుస్తుంది.

దుకాణంలో బార్‌లను 18 నుండి 20 డిగ్రీల చల్లదనంలో, ఇంగువ, సబ్బు, అగరువత్తులకు దూరంగా ఉంచాలి. కోకో వెన్న వాసన ఇట్టే పట్టుకుంటుంది. ఎండకు కరిగి మళ్ళీ గట్టిపడిన బార్ మీద తెల్లని పొర తేలుతుంది. అది బూజు కాదు, పైకి వచ్చిన వెన్న. హాని లేదు గాని రుచి తగ్గుతుంది. కనుక ఆ సంగతి చెప్పి, ధర తగ్గించి ఇవ్వడమే మర్యాద.

పాఠసారం

కోకోలోని మేలు గట్టి పదార్థంలో ఉన్నది. పేరులోనో రంగులోనో లేదు. ఆ మేలు కొద్దిపాటిది. చక్కెర చేసే కీడు కొద్దిపాటిది కాదు. చీటీలో మొదటి పేరు కోకో అయి ఉండాలి, ఇతర కొవ్వు ఉండరాదు, ఒకే శాతం గల రెండింటిలో కొవ్వు తక్కువది మేలు. రోజుకు రెండు మూడు ముక్కలు, వేరొక మిఠాయికి బదులుగా. మందు అని చెప్పి అమ్మినవానికి ఒకనాటి బేరం దొరుకుతుంది. మంచి మిఠాయి అని చెప్పి, చీటీ చూపి అమ్మినవాని దుకాణానికి కొన్నవారు మళ్ళీ వస్తారు. కోకో ధర రేపు తేజీలో ఉన్నా మందీలో ఉన్నా, వర్తకుని మాటకు ఉన్న ధర తగ్గరాదు.